కైలాసగిరి మీదుగా 21 కిలోమీటర్లు

విశాఖ బీచ్ రోడ్డును ఆనుకుని నిలబడ్డ కైలాసగిరి ఎత్తు సుమారు 173 మీటర్లు. హాఫ్ మారథాన్ దూరం 21.0975 కిలోమీటర్లు. అంత పొడవు ముందు ఈ ఎత్తు ఏపాటిది? కాగితం మీద లెక్క వేసి చూడండి. ఐదు శాతం వాలున్న దారిలో ఆ ఎత్తు ఎక్కడానికి అదనంగా పట్టే శక్తి, చదును నేల మీద ఒక్క కిలోమీటరు పరుగెత్తడానికి పట్టేదానికి కొంచెం అటూఇటూగా ఉంటుంది. దిగేటప్పుడు అందులో చాలా భాగం ఆదా అవుతుంది కూడా. చివరికి మిగిలే నికర నష్టం పావు కిలోమీటరు పరుగు. దారి ఇంకా నిటారుగా ఉంటే అర కిలోమీటరు.

అయినా, చదును దారిలో రెండు గంటల చిల్లరలో నవ్వుతూ ముగించే మనిషి, మధ్యలో ఇలాంటి కొండ ఒక్కటి పడితే చివరి ఐదు కిలోమీటర్లు కాళ్లీడ్చుకుంటూ వస్తాడు. లెక్క తప్పేమీ కాదు, అలసటా అబద్ధం కాదు. మొత్తం ఎంత ఎత్తు ఎక్కామన్నదాని మీదే చూపు నిలిపితే ఈ చిక్కుముడి విడదు. ఆ ఎత్తును ఎంత తొందరగా ఎక్కాం, ఎలా దిగాం అని అడగాలి. విశాఖలోనైతే ఇంకో ప్రశ్న కూడా: ఆ పూట గాలిలో తేమ ఎంత?

ముందు ఈ కొండలు ఇక్కడెందుకున్నాయో చూద్దాం. తూర్పు కనుమలు చాలాచోట్ల తీరానికి దూరంగా, లోపలెక్కడో ఉంటాయి. విశాఖ దగ్గర మాత్రం వాటి కొమ్మలు అలల దాకా వచ్చేస్తాయి. ఉత్తరాన కైలాస కొండల వరుస, దక్షిణాన యారాడ కొండల వరుస, నడుమ పల్లంలో ఊరు. యారాడ వరుస సముద్రంలోకి పొడుచుకొచ్చిన మొనే డాల్ఫిన్ నోస్. దాని చాటున 1933లో ఓడరేవు తెరుచుకుంది. ఓడలకు ఆశ్రయమిచ్చిన ఆ కొండలే ఇప్పుడు పరుగెత్తేవాళ్లకు ఎత్తుపల్లాలు. వీటిలో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. ఒకప్పటి బంకమట్టి, ఇసుక పొరలు భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ గురై, సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట ఇలా మారాయి. అప్పట్లో ఈ నేలా, ఇప్పటి తూర్పు అంటార్కిటికా నేలా ఒకటే. పదమూడు కోట్ల ఏళ్ల కిందట ఆ రెండూ విడిపోయినప్పుడు తెగిన అంచే మన తూర్పు తీరం. కైలాసగిరి మలుపులో ఆయాసపడుతూ ఆగిన మనిషి చెయ్యి ఆనించే బండకు కొనసాగింపు, మంచు కింద, అక్కడ ఉంది. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

ఆర్కే బీచ్ నుంచి అప్పుఘర్ దాకా దారి దాదాపు చదును. తెన్నేటి పార్కు దగ్గర కొండ సముద్రాన్ని ఒరుసుకుంటూ వస్తుంది, రోడ్డు పైకి లేస్తుంది. అక్కడి నుంచి జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ, ఆపైన భీమిలి దాకా లేస్తూ దిగుతూ సాగుతుంది. తూర్పు నౌకాదళం శీతాకాలంలో నిర్వహించే వైజాగ్ నేవీ మారథాన్ ఈ తీర రహదారి మీదే జరుగుతుంది. 42, 21, 10, 5 కిలోమీటర్ల విభాగాలుంటాయి. ఇంకా ఎత్తు కావాలనుకునేవాళ్లకు కైలాసగిరి ఉంది, 128 మీటర్ల ఎత్తున బౌద్ధ ఆరామపు శిథిలాలున్న తొట్లకొండ ఉంది, సింహాచలం ఘాట్ రోడ్డు ఉంది. పోర్టులోనో, ఉక్కు కర్మాగారంలోనో, బ్యాంకులోనో ఉద్యోగం చేసుకుంటూ తెల్లవారకముందే బూట్లు కట్టుకుని ఈ దారుల మీదికి వచ్చే మనుషుల కోసమే ఈ వ్యాసం.

పరుగుకు ఎంత ఖర్చవుతుందో మిలాన్‌లో రొడాల్ఫో మార్గారియా బృందం 1963లో తేల్చి చెప్పింది. చదును నేల మీద కిలో బరువును కిలోమీటరు దూరం తీసుకెళ్లడానికి దాదాపు ఒక కిలోకాలరీ. విశేషమేమిటంటే, నిదానంగా వెళ్లినా వడిగా వెళ్లినా ఆ ఖర్చు పెద్దగా మారదు. ఆ లెక్కన 65 కిలోల మనిషికి హాఫ్ మారథాన్ అంటే సుమారు 1,370 కిలోకాలరీలు. మరి వాలు మీద? 2002లో ఆల్బెర్టో మినెట్టి, ఆయన సహచరులు పదిమంది రన్నర్లను ట్రెడ్‌మిల్ ఎక్కించి, 45 శాతం ఎత్తు నుంచి 45 శాతం పల్లం దాకా వంచుతూ, వాళ్లు వాడుకునే ఆక్సిజన్‌ను కొలిచారు. వంద మీటర్లు నడిస్తే ఐదు మీటర్లు లేచే దారిని ఐదు శాతం వాలు అంటారు. వాళ్లిచ్చిన సూత్రం ప్రకారం, ఆ వాలు ఎక్కితే అడుగడుగు ఖర్చు 30 శాతం పెరుగుతుంది. అదే వాలు దిగితే 24 శాతం తగ్గుతుంది. పది శాతం వాలు ఎక్కితే 66 శాతం పెరుగుతుంది, దిగితే 40 శాతమే తగ్గుతుంది. వాలు పెరిగేకొద్దీ ఎక్కుడుకూ దిగుడుకూ మధ్య తేడా పెరుగుతూ పోతుంది. అన్నిటికన్నా చవకైన పరుగు ఇరవై శాతం పల్లంలో. అంతకన్నా నిటారుగా దిగితే ఖర్చు మళ్లీ పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ కాళ్లు శరీరాన్ని ముందుకు తోయడం మానేసి ఆపడం మొదలుపెడతాయి.

ఇవన్నీ మొత్తం ఖర్చు లెక్కలు. శరీరం మాత్రం నిమిషాల లెక్క చూసుకుంటుంది. ఊపిరితిత్తులు, గుండె, రక్తం కలిసి నిమిషానికి గరిష్ఠంగా ఇంత ఆక్సిజన్ అందించగలవు అనే హద్దు ప్రతి మనిషికీ ఉంది. 1920ల్లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ వివియన్ హిల్ రుజువు చేసిన సంగతి ఇది. క్రమంగా సాధన చేసే నడివయసు మనిషికి ఆ హద్దు శరీరబరువులో కిలోకు నిమిషానికి 42 మిల్లీలీటర్లు అనుకుందాం. గంటకు పది కిలోమీటర్ల వేగంతో, అంటే కిలోమీటరు ఆరు నిమిషాల చొప్పున, చదునులో పరుగెత్తితే 33 మిల్లీలీటర్లు చాలు. హద్దులో నాలుగింట మూడొంతులు దాటింది, అయినా రెండు గంటలు లాగొచ్చు. అదే వేగంతో ఐదు శాతం వాలు ఎక్కితే 43 మిల్లీలీటర్లు కావాలి. అది హద్దు దాటిపోయింది. ఆ స్థితిలో ఎవరైనా కొద్ది నిమిషాలకు మించి నిలవలేరు. చదునులో పడినంత శ్రమే వాలు మీదా పడాలంటే వేగం గంటకు 7.7 కిలోమీటర్లకు తగ్గాలి, కిలోమీటరుకు 7 నిమిషాల 48 సెకన్లు. చేతి గడియారం చూసుకుంటూ ఆరు నిమిషాల లెక్క కోసం కొండ మీద పళ్లు బిగించేవాళ్లు, ఆ కొండను కాకుండా మిగిలిన పదిహేను కిలోమీటర్లను పోగొట్టుకుంటున్నారు. నా ఉద్దేశంలో కొత్తగా కొండదారిలోకి వచ్చే రన్నర్‌కు ఇంతకన్నా విలువైన సమాచారం మరొకటి లేదు: ఎత్తు మొదలవగానే గడియారాన్ని మరచి ఊపిరిని చూసుకోవాలి. పక్కనున్నవాళ్లతో రెండు మూడు మాటలు ఆగకుండా అనగలిగితే వేగం సరిపోయినట్టు.

హద్దుకు దగ్గరైనప్పుడు లోపల జరిగేదేమిటో కూడా చెప్పాలి. శ్రమ పెరిగేకొద్దీ కండరం కొవ్వును పక్కనబెట్టి చక్కెర మీద ఆధారపడుతుంది. రక్తంలో లాక్టేట్ పేరుకుంటుంది. లాక్టేట్ విషమనీ, నొప్పులన్నిటికీ అదే కారణమనీ చాలాకాలం చెప్పుకున్నారు. జార్జ్ బ్రూక్స్ 1980ల నుంచి చేసిన పరిశోధనలు దాన్ని తిరగరాశాయి. ఒక కండరంలో పుట్టిన లాక్టేట్‌ను గుండె, ఇతర కండరాలు ఇంధనంగా వాడుకుంటాయి. అయితే అది పేరుకుంటోందంటే చక్కెర వేగంగా కరుగుతోందన్న సూచన మాత్రం నిజమే. కండరాల్లోనూ కాలేయంలోనూ కలిపి మనం గ్లైకోజెన్ రూపంలో దాచుకునే చక్కెర నాలుగైదు వందల గ్రాములు, సుమారు 1,600 నుంచి 2,000 కిలోకాలరీలు. చదును హాఫ్ మారథాన్‌కు ఆ నిల్వ సరిపోతుంది. కొండ మీద హద్దులు దాటి తగలబెట్టుకుంటే ఆ భరోసా సన్నబడుతుంది. పరుగుకు రెండు మూడు గంటల ముందు నాలుగు ఇడ్లీలు తినమని పెద్ద రన్నర్లు చెప్పేది ఇందుకే. రాత్రంతా ఉపవాసంతో తగ్గిన కాలేయపు నిల్వ ఆ ఇడ్లీలతో తిరిగి నిండుతుంది.

ఎక్కుడు ఇంత కష్టం కావడానికి మరో కారణం మడమ వెనుక ఉంది. చదునులో మనం పరుగెత్తేటప్పుడు పిక్కను మడమకు కట్టే అకిలిస్ స్నాయువు ప్రతి అడుగుకూ సాగి, తిరిగి ముడుచుకుంటుంది. సాగినప్పుడు దాచుకున్న శక్తిని తిరిగి ఇస్తుంది. మెక్‌నీల్ అలెగ్జాండర్, ఆయన సహచరులు 1987లో వేసిన అంచనా ప్రకారం, ఒక అడుగులో చేతులు మారే శక్తిలో 35 శాతాన్ని ఆ ఒక్క స్నాయువే దాస్తుంది, మరో 17 శాతాన్ని అరికాలి వంపు దాస్తుంది. అంటే సగం పని కండరం చేయనే అక్కర్లేదు. టర్కీ కోళ్లను పరుగెత్తించి వాటి కాలి కండరాల పొడవును నేరుగా కొలిచిన థామస్ రాబర్ట్స్ 1997లో ఇదే చూపించాడు: చదునులో కండరం దాదాపు పొడవు మారకుండా బిగుసుకుని నిలబడుతుంది, సాగడం ముడవడం స్నాయువు చూసుకుంటుంది. పైకి వాలు రాగానే ఈ ఏర్పాటు సరిపోదు. ప్రతి అడుగుకూ శరీరం కొత్త ఎత్తుకు చేరాలి. కింద పడితే కదా స్నాయువుకు సాగడానికి శక్తి! కండరం స్వయంగా ముడుచుకుని ఆ ఎత్తును కట్టాల్సిందే. పిక్కలూ పిరుదులూ కొండ ఎక్కినప్పుడే ఎందుకు మండుతాయో ఇక వేరే చెప్పక్కర్లేదు.

మరి నడిస్తే? చాలామంది ఔత్సాహికులు కొండ మీద నడవడాన్ని ఓటమిగా చూస్తారు. మినెట్టి కొలతలు వాళ్ల పక్షాన లేవు. పది శాతం వాలు మీద, సౌకర్యమైన వేగంలో, నడకకు పరుగు కన్నా మీటరుకు దాదాపు ఐదో వంతు తక్కువ శక్తి పడుతుంది. మనం పైన చెప్పుకున్న రన్నర్ ఆ వాలు మీద తన శ్రమను హద్దులో ఉంచుకుంటే వేగం ఎలాగూ గంటకు ఆరు కిలోమీటర్లకు పడిపోతుంది. అది వడి నడక వేగమే. అక్కడ పరుగులా ఎగిరెగిరి పడటం వల్ల ఒరిగేదేమీ లేదు.

నడక విలువ విశాఖ జనానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణలో లక్షలమంది తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి వస్తారు. అది హాఫ్ మారథాన్‌కు ఒకటిన్నర రెట్లు. చాలామంది ఉత్తకాళ్లతో నడుస్తారు, వాళ్లలో అరవై దాటినవాళ్లూ ఉంటారు. ఏడాదంతా ప్రత్యేకంగా సాధన చేసినవాళ్లు తక్కువే. భక్తి బలాన్ని నేను తక్కువ చేయను. ఆ భక్తికి శరీరం సహకరించడానికి మాత్రం కారణముంది: నడకలో నిమిషానికి పుట్టే వేడి, మన రన్నర్ పరుగులో పుట్టేదానిలో మూడో వంతు ఉంటుంది. పైగా ఎక్కువ దూరం రాత్రి చల్లదనంలో గడుస్తుంది. జులై ఉక్కపోతలో అదే దూరం పగటిపూట పరుగెత్తమంటే కథ వేరు.

ఇప్పుడు దిగుడు. ఊపిరి సుఖంగా ఉంటుంది, గాలి ముఖానికి తగులుతుంది, పోయిన సమయాన్ని రాబట్టుకోవాలనిపిస్తుంది. అసలు నష్టం జరిగేది సరిగ్గా ఇక్కడే. దిగేటప్పుడు ప్రతి అడుగుకూ మోకాలు కొద్దిగా వంగుతుంది. ఆ వంపును అదుపు చేయడానికి తొడ ముందుభాగపు కండరం బిగిసి ఉంటూనే సాగాలి. ముడుచుకుంటూ పనిచేయడం కండరానికి మామూలు. సాగుతూ బిగిసి ఉండటం వేరే రకం పని, దాని లక్షణాలు వింతగా ఉంటాయి. 1952లో అబాట్, బిగ్లండ్, రిచీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు లండన్‌లో చేసిన ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. రెండు సైకిళ్లను వెనక్కి వెనక్కి ఆనించి గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకు తొక్కుతుంటే, రెండోవాళ్లు వెనక్కి తిరుగుతున్న పెడళ్లను కాళ్లతో అడ్డుకోవాలి. ఇద్దరి కాళ్ల మీదా పడే బలం ఒక్కటే. కానీ అడ్డుకునేవాళ్లకు పట్టిన ఆక్సిజన్ తొక్కేవాళ్లదాంట్లో చిన్న భాగమే. చిన్న శరీరమున్న స్త్రీ పెడళ్లు అడ్డుకుంటూ కూర్చుంటే, ఎదురు తొక్కిన బలమైన మగవాడు అలసిపోయాడు.

సాగే కండరం తక్కువ ఆక్సిజన్‌తో ఎక్కువ బలాన్ని ఇస్తుందన్నమాట. దాని మూల్యం ఇంకో చోట చెల్లించాలి. తక్కువ పోగులు ఎక్కువ బరువు మోస్తాయి కాబట్టి ఒక్కో పోగు మీద ఒత్తిడి ఎక్కువ. కండరపు పోగులో సార్కోమియర్లనే అతిచిన్న గదులు వరుసగా ఉంటాయి. వాటిలో బలహీనమైనవి సాగుతూ సాగుతూ ఒక్కసారిగా పట్టు జారిపోతాయని డేవిడ్ మోర్గన్ 1990లో ప్రతిపాదించాడు. పట్టు జారినవి కొన్ని మళ్లీ సరిగ్గా కలవవు, చుట్టూ పొరలు చిరుగుతాయి. అప్పటికప్పుడు నొప్పి తెలియదు. కానీ బలం అప్పుడే పడిపోతుంది. నొప్పి మరుసటి రోజు మొదలై, రెండు మూడు రోజుల్లో పరాకాష్ఠకు చేరుతుంది. రేసు మర్నాడు మేడమెట్లు ఎక్కగలిగి దిగలేకపోవడం ఇందుకే.

నేల నుంచి తగిలే దెబ్బ కూడా తక్కువది కాదు. 2005లో గోట్‌షాల్, క్రామ్ తొమ్మిది డిగ్రీల పల్లంలో పరుగెత్తేవాళ్ల పాదాల కింద బలాన్ని కొలిచారు. చదునుతో పోలిస్తే పాదం తాకగానే పడే దెబ్బ 54 శాతం, వెనక్కి ఆపే బలం 73 శాతం పెరిగాయి. బోస్టన్ మారథాన్‌లో ఇరవయ్యో మైలు దాటాక వచ్చే హార్ట్‌బ్రేక్ హిల్ గురించి రన్నర్లు భయంభయంగా మాట్లాడుకుంటారు. దాని ఎత్తు 27 మీటర్లే, కైలాసగిరిలో ఆరో వంతు. కానీ అక్కడికి చేరేలోగా దారిలో ఎక్కువ భాగం పల్లమే. తొడలు అప్పటికే లోలోపల చిరిగి ఉంటాయి. ఆ చిన్న గుట్ట ఆ సంగతిని బయటపెడుతుంది. విశాఖలోనూ కైలాసగిరి దిగాక ఇంకా పది కిలోమీటర్లు మిగిలున్న రన్నర్‌కు ఇదే పరిస్థితి. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా, చురుగ్గా వేయాలి. పాదం శరీరానికి మరీ ముందు కాకుండా కిందనే పడాలి. నడుము దగ్గర వెనక్కి వాలి బ్రేకులు వేయకూడదు. ఈ మూడూ ప్రతి అడుగు దెబ్బనూ తగ్గిస్తాయి.

విశాఖలో పరుగు గురించి రాస్తూ చెమట గురించి రాయకపోతే సగం కూడా రాయనట్టే. పరుగులో ఖర్చయ్యే శక్తిలో మూడొంతుల పైచిలుకు వేడిగానే పోతుంది. 65 కిలోల మనిషికి కిలోమీటరుకు యాభై కిలోకాలరీల వేడి. ఆ వేడి బయటికి పోకుండా ఒంట్లోనే నిలిచిపోతే ప్రతి కిలోమీటరుకూ శరీర ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. ఐదో కిలోమీటరు చేరకముందే ప్రాణం మీదికి వస్తుంది. అలా జరగకుండా కాపాడేది చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 కిలోకాలరీల వేడిని తీసుకుపోతుంది. అసలు మాట ‘ఆవిరైతే’ అన్నది. బొట్లుగా కారి రోడ్డు మీద పడ్డ చెమట చల్లబరచదు, ఒంట్లో నీటిని మాత్రం తగ్గిస్తుంది.

చెమట ఆవిరి కావడం చర్మం దగ్గరి తేమ ఒత్తిడికీ గాలిలోని తేమ ఒత్తిడికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. 35 డిగ్రీల తడి చర్మం దగ్గర అది 5.6 కిలోపాస్కల్‌లు. మే నెల తెల్లవారుజామున 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలిలో 3 కిలోపాస్కల్‌లు. తేడా 2.6. డిసెంబరు తెల్లవారుజామున 20 డిగ్రీలు, అదే 80 శాతం తేమ అనుకుంటే గాలిలో 1.9, తేడా 3.7. అంటే తేమ శాతం ఒకటే కనిపించినా డిసెంబరు గాలికి చెమటను మోసుకుపోయే శక్తి నలభై శాతం ఎక్కువ. ఫోనులో తేమ శాతం ఒక్కటే చూసి నిర్ణయించుకునేవాళ్లు ఇది గమనించాలి. నౌకాదళం వాళ్ల మారథాన్ శీతాకాలంలో, పొద్దుపొడవకముందే మొదలవడం వెనుక గట్టి భౌతికశాస్త్రం ఉంది.

కొండ ఈ లెక్కను ఇంకా బిగిస్తుంది. ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది, ఒంటికి తగిలే గాలి తగ్గుతుంది, వేడి పుట్టడం మాత్రం తగ్గదు. సముద్రపు గాలికి కొండ అడ్డుపడ్డ మలుపుల్లో ఉక్క మరీ ఎక్కువ. వేడి, తేమ, ఎండ మూడింటినీ ఒకే అంకెలో చెప్పే కొలత ఒకటుంది, డబ్ల్యూబీజీటీ అంటారు. అమెరికా సైనిక శిబిరాల్లో వడదెబ్బకు కుర్రాళ్లు బలవుతుంటే యాగ్లూ, మినార్డ్ 1957లో దాన్ని రూపొందించారు. అందులో తడిబల్బు ఉష్ణోగ్రతకు, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేదానికి, 70 శాతం, ఎండకు 20 శాతం, మామూలు ఉష్ణోగ్రతకు పదే శాతం విలువ. ఈనాడు కొలిమి దగ్గర పనిచేసే కార్మికుల రక్షణకూ, రేసులు ఆపాలా జరపాలా అన్న నిర్ణయానికీ ఆ కొలతే ఆధారం. ఉక్కునగరమున్న ఊళ్లో ఈ రెండు రకాల మనుషులూ చాలాసార్లు ఒక్కరే కావడం నాకు ముచ్చటగా ఉంటుంది.

మంచి సంగతేమిటంటే శరీరం వేడికి అలవాటుపడుతుంది, అదీ త్వరగా. పది నుంచి పద్నాలుగు రోజులు వేడిలో సాధన చేస్తే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగానే పట్టడం మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. కాబట్టి ఆ అలవాటు లేకుండా హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో విశాఖ రేసుకు వచ్చేవాళ్లు తమ ఊరి రికార్డును చూసుకుని ఇక్కడి వేగం నిర్ణయించుకోకూడదు.

తాగడం గురించి ఒక హెచ్చరిక. నీళ్లు తక్కువ తాగితే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎక్కువ తాగినా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉంది. పరుగులో బరువు తగ్గాల్సింది పోయి పెరిగినవాళ్లలో ఇది ఎక్కువ. సోడియం మరీ పడిపోతే మెదడు వాస్తుంది, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. దాహం వేసినప్పుడు తాగడమే మంచి కొలత. బీచ్ రోడ్డులో దొరికే కొబ్బరి బోండాం మంచిదే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. ఉప్పేసిన మజ్జిగ ఆ లోటును ఇంకా బాగా తీరుస్తుంది. పరుగు అయ్యాక పెద్ద గ్లాసుడు తాగండి.

ఇక సాధన. ఎక్కుడు సాధన అందరూ చేస్తారు: నాలుగైదు వందల మీటర్ల వాలు ఎంచుకుని పైకి పరుగెత్తడం, కిందికి నడిచి రావడం, మళ్లీ పరుగెత్తడం. గుండెకూ పిరుదుల కండరాలకూ అది మంచిదే. కానీ కిందికి ఎప్పుడూ నడిచే వచ్చేవాళ్ల తొడలు రేసు రోజు దిగుడుకు సిద్ధంగా ఉండవు. కండరాలు మొదటిసారి దెబ్బతిన్నాక, అదే పని రెండోసారి చేసినప్పుడు చాలా తక్కువ దెబ్బతింటాయి. ఒకే ఒక్క పూట సాధన కూడా ఈ రక్షణ ఇస్తుంది. వ్యాయామ శాస్త్రంలో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలితం దక్కే సంగతి మరొకటి నాకు తెలియదు. దాన్ని ఎక్కువమంది వాడుకోకపోవడం చూస్తే బాధగా ఉంటుంది.

చేయాల్సింది కష్టం కాదు. రేసుకు ఎనిమిది వారాల ముందు ఏదైనా సన్నని వాలు, హనుమంతవాక వైపు రోడ్డో, తొట్లకొండ దారో, పట్టుకుని మెల్లగా దిగుతూ పరుగెత్తాలి. మొదటిసారి పదిహేను నిమిషాలు చాలు. మర్నాడు తొడలు నొప్పెడతాయి, అది తగ్గేదాకా ఆగాలి. పదిరోజుల తర్వాత ఇంకొంచెం ఎక్కువ దూరం, ఇంకొంచెం వడిగా. చివరి దిగుడు సాధన రేసుకు రెండు వారాల ముందే ముగించాలి, ఎందుకంటే పూర్తి బలం తిరిగి రావడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. మోకాలి కీలులో, అంటే కండరంలో కాకుండా లోపల, నొప్పి వస్తే మాత్రం ఆపేసి వైద్యుడికి చూపించాలి.

ఈ రక్షణ ఎన్నాళ్లుంటుందో జపాన్‌కు చెందిన కజునోరి నోసాకా, ఆయన సహచరులు 2001లో ప్రచురించిన పరిశోధనలో చూశారు. మోచేతి కండరాల మీద చేసిన ఆ పరీక్షల్లో ఆరు నెలల తర్వాత కూడా రక్షణ కొంత మిగిలే ఉంది, తొమ్మిది, పన్నెండు నెలల మధ్య పోయింది. తొడల్లో సరిగ్గా అంతకాలమే ఉంటుందని ఆ లెక్క చెప్పదు. అయినా డిసెంబరు రేసు కోసం అక్టోబరులో కైలాసగిరి దిగడం మొదలుపెట్టిన మనిషికి వ్యవధి కావలసినంత ఉన్నట్టే. ఈ ఏడాది రేసు ముగించినవాళ్లు మళ్లీ ఏడాది చదును రోడ్లకే అతుక్కుపోకుండా, వేసవి మొదలవకముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి అదే ఘాట్ రోడ్డు మీద దిగి వస్తే చాలు, వచ్చే డిసెంబరుకు మొదటి నుంచి మొదలుపెట్టే అవసరం ఉండదు.